వరల్డ్ కప్ వెళ్ళిపోయాక ఆ గ్రౌండ్‌లో ఎవరు ఆడుతున్నారు? బాబాయ్‌తో జపాన్‌లో ఎనిమిది రోజులు

బాబాయ్ మా ఇంటికొచ్చి అప్పటికి పది రోజులైంది. మేముండేది టోక్యోలో నిషి-కసాయ్, మనవాళ్ళు బాగా ఉండే ఏరియా, కందిపప్పు చింతపండు నడిచి వెళ్ళి తెచ్చుకోవచ్చు, పార్కులో కూర్చుంటే తెలుగు వినపడుతుంది. గుళ్ళు, టవర్లు, పెద్ద క్రాసింగ్ అన్నీ తిప్పి చూపించా, ఏం చూపించినా "బాగున్నదిరా" అని ఊరుకుంటున్నాడు. ఒక రాత్రి అన్నం తింటూ అడిగాడు, "2002 వరల్డ్ కప్ ఈడనే గదా అయింది, ఆ గ్రౌండ్లన్నీ ఇప్పుడేం జేస్తున్నరురా?" అని.

నాకు తెలీదు. బాబాయ్‌కి ఫుట్‌బాల్ అంటే ఏంటో చెప్పాలి ముందు. ఆయనది సికింద్రాబాద్, డెబ్బై దాటాయి. తాతయ్య చెప్పిన హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్ కథలు వింటూ పెరిగిన మనిషి, 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదు సార్లు బొంబాయి రోవర్స్ కప్ టోర్నీ గెలిచిన టీమ్ అది. రహీమ్ సాబ్ కోచ్‌గా మనవాళ్ళు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో ప్లేస్, 1962 జకార్తా ఆసియా గేమ్స్‌లో గోల్డ్. బాబాయ్ కుర్రాడిగా ఉన్నప్పటి హీరో హబీబ్, మన హైదరాబాదీ, 1977లో కలకత్తాలో పెలే ఆడిన కాస్మోస్ టీమ్ మీద మోహన్ బగాన్ తరఫున గోల్ కొట్టినాయన. అలాంటి మనిషిని నేను పది రోజులు షాపింగ్ మాల్స్ తిప్పాను. ఆఫీసులో వారం సెలవు పెట్టి, రెండు బ్యాగులు సర్ది బయల్దేరాం.

మొదటి రోజు, సైతామా

తోజై లైన్‌లో ఇదాబాషి వెళ్ళి అక్కడ నంబొకు లైన్ ఎక్కితే మారకుండా ఉరవా-మిసోనో దాకా పోతుంది, అదే ఆఖరి స్టేషన్. ఆ స్టేషన్ నుంచి స్టేడియం దాకా వెడల్పాటి దారి, మ్యాచ్ రోజు అరవై వేల మంది నడవడానికి వేసిన దారి, ఆ రోజు మేమిద్దరం, ఇద్దరు సైకిల్ పిల్లలు, ఒక పెద్దావిడ కుక్కతో. దూరంగా తెల్లటి రెండు రెక్కల కప్పు కనిపించగానే బాబాయ్ నడక స్పీడ్ పెరిగింది.

63 వేల పైన సీట్లు, ఉత్త ఫుట్‌బాల్ కోసమే కట్టినవాటిలో జపాన్‌లో ఇదే పెద్దది, రన్నింగ్ ట్రాక్ లేదు కాబట్టి గడ్డి సీట్ల దగ్గరికే వచ్చినట్టుంటుంది. 2002 జూన్ 4న బెల్జియంతో ఇక్కడే 2-2 డ్రా అయింది జపాన్. డ్రానే కదా అనిపిస్తుంది గానీ వరల్డ్ కప్‌లో జపాన్‌కి అదే మొట్టమొదటి పాయింట్, 1998లో ఫ్రాన్స్ వెళ్ళి మూడు మ్యాచ్‌లూ ఓడి వచ్చారు. రెండు రోజుల తర్వాత ఇదే గడ్డి మీద కామెరూన్ వాళ్ళు సౌదీ మీద 1-0, ఎటో గోల్. ఈ కామెరూన్ వాళ్ళని గుర్తుపెట్టుకోండి, మా ట్రిప్ చివర మళ్ళీ వస్తారు.

అప్పుడే బాబాయ్ ఆ ప్రశ్న మొదటిసారి వేశాడు. "వచ్చే వారం ఈడ ఎవలాడతరు?"

ఉరవా రెడ్స్ అన్నాను, ఇది వాళ్ళ సొంత గ్రౌండ్. 2000లో ఆ క్లబ్ సెకండ్ డివిజన్‌లో ఉంది. వరల్డ్ కప్ కోసం ఈ స్టేడియం వచ్చింది, ట్రైన్ లైన్ వచ్చింది, క్లబ్ వాళ్ళు ఇక్కడికి మారారు, 2007కి ఆసియా ఛాంపియన్స్, ఆ సంవత్సరం లీగ్ మ్యాచ్‌కి సగటున 46 వేల పైన జనం. 2025 మార్చి 20న బహ్రెయిన్‌ని 2-0 కొట్టి 2026 వరల్డ్ కప్‌కి ఆతిథ్య దేశాలు కాక అందరికంటే ముందు జపాన్ క్వాలిఫై అయింది కూడా ఈ గ్రౌండ్‌లోనే. బాబాయ్ కంచె పట్టుకుని చాలాసేపు లోపలికి చూశాడు, ఏమీ మాట్లాడలేదు, వచ్చేటప్పుడు ట్రైన్‌లో మాత్రం "23 ఏండ్ల కింద ఒక పాయింట్ కోసం ఏడ్సినోళ్ళు, ఇప్పుడు అందరికంటె ముందు పోతున్నరు" అన్నాడు.

రెండో రోజు, కషిమ

ఈ ఊరి గురించి కొంచెం ఎక్కువే రాస్తా.

టోక్యో స్టేషన్ యాయెసు వైపు నుంచి హైవే బస్సు, రెండు గంటలు. పులిహోర పొట్లం కట్టుకుని వెళ్ళాం. దిగితే ఒక పెద్ద స్టీల్ ఫ్యాక్టరీ ఊరు, పొలాలు, సముద్రపు గాలి. 1991లో ఇక్కడున్నది సుమితోమో స్టీల్ కంపెనీ వాళ్ళ టీమ్, అదీ సెకండ్ డివిజన్‌లో. జపాన్‌లో ప్రొఫెషనల్ లీగ్ పెడుతున్నారంటే మేమూ వస్తామని అడిగారు, లీగ్ మొదటి చైర్మన్ కవబుచి మీకు 99.9999 శాతం ఛాన్స్ లేదని చెప్పేశారు, 15 వేల మంది పట్టే పైకప్పు ఉన్న ఫుట్‌బాల్ స్టేడియం కడితే చూద్దాం అన్నారు. ఇక వాళ్ళే మానుకుంటారని అన్న మాట అది. వీళ్ళు నిజంగా కట్టారు! కట్టడమే కాదు, బ్రెజిల్ నుంచి స్టార్ ప్లేయర్ జీకోని కూడా తెచ్చుకున్నారు. ఆయన అప్పటికి ఆట మానేసి బ్రెజిల్ ప్రభుత్వంలో క్రీడల శాఖ చూసి వచ్చిన మనిషి, ఈ ఫ్యాక్టరీ ఊరికొచ్చి కుర్రాళ్ళకి బూట్లు తుడుచుకోవడం దగ్గర్నుంచి నేర్పాడంటారు. 1993 మే 16, లీగ్‌లో వాళ్ళ మొదటి మ్యాచ్, నగోయా మీద 5-0, జీకో మూడు గోల్స్.

కషిమ అనే పేరు రాతలోనే జింక ఉంది, ఇక్కడి గుడిలో జింకల్ని పెంచుతారు, అందుకే క్లబ్ పేరు యాంట్లర్స్, జింక కొమ్ములు. స్టేడియం బయట జీకో విగ్రహం ఉంది, బాబాయ్ చెప్పులు విప్పాడు. నేను వద్దనలేదు, ఆయన మనసులో ఏముందో నాకు తెలుసు కాబట్టి.

వరల్డ్ కప్ కోసం 15 వేల స్టేడియాన్ని 40 వేలకి పెంచారు, ఇటలీ, అర్జెంటీనా, జర్మనీ వచ్చి ఆడి వెళ్ళాయి. ఇంత చిన్న ఊరికి 40 వేల సీట్లు ఎక్కువే, ప్రతి మ్యాచ్‌కీ నిండదు, అది నిజం. కానీ ఇక్కడ వరుస ముందు క్లబ్, తర్వాత వరల్డ్ కప్. స్టేడియం పక్కనే ఒక స్టేషన్ ఉంది, దాని పేరే కషిమ-సాకర్ స్టేడియం, మ్యాచ్ రోజు తప్ప అక్కడ ట్రైన్ ఆగదు. మేము వెళ్ళింది మ్యాచ్ లేని రోజు, ప్లాట్‌ఫామ్ నిశ్శబ్దంగా ఉంది. లోపల మ్యూజియంలో తిరిగాం. 2016లో క్లబ్ వరల్డ్ కప్ ఫైనల్‌లో రియల్ మాడ్రిడ్ మీద ఈ ఊరి టీమ్ ఒక టైమ్‌లో 2-1 లీడ్‌లో ఉంది, చివరికి ఎక్స్‌ట్రా టైమ్‌లో 4-2 ఓడారు, ఆ ఫొటోల ముందు బాబాయ్ అరగంట నిలబడ్డాడు.

ఇక్కడ మ్యాచ్ రోజు అమ్మే మోత్సునికి పెద్ద పేరు, పేగులు ముల్లంగి వేసి ఉడికించే పులుసు, మన బోటీ లాగే. అది పంది మాంసం అనగానే బాబాయ్ పులిహోర చాలన్నాడు.

మూడో రోజు, టోక్యో, యోకొహామా

పొద్దున నేషనల్ స్టేడియం బయట ఒక చుట్టు. పాతది కూల్చి కట్టిన కొత్తది ఇది, 1964 ఒలింపిక్స్ జరిగింది ఈ స్థలంలోనే. నాకు కొత్తగా అర్థమైన సంగతి ఏంటంటే జపాన్‌కి ఆతిథ్యం వల్ల ఫుట్‌బాల్ రావడం 2002లో మొదటిసారి కాదు. 1964 కోసం జర్మనీ నుంచి డెట్‌మార్ క్రామర్ అనే కోచ్‌ని పిలిపించారు, ఆయన ఏటేటా లీగ్ పెట్టుకోండి అని పట్టుబట్టాడు, 1965లో 8 కంపెనీ టీమ్‌లతో లీగ్ మొదలైంది, 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో బ్రాంజ్, కమమొతో 7 గోల్స్‌తో టాప్ స్కోరర్. ఇంకేం, దేశమంతా ఫుట్‌బాల్ అనుకున్నారు. తర్వాత డెబ్బైల్లో టీమ్ క్వాలిఫై కాలేదు, జనం బేస్‌బాల్ దగ్గరికి పోయారు, లీగ్ మ్యాచ్‌లకి స్టాండ్స్ ఖాళీ. కంపెనీ టీమ్ అంటే ఆ కంపెనీ వాళ్ళది, ఊరిది కాదు కదా.

బాబాయ్ వెంటనే, "మనది గూడ అంతే గదరా, పోలీసోళ్ళ టీమ్, రైల్వే టీమ్, బ్యాంకు టీమ్. నౌకరీలు పోయినయి, టీమ్‌లు పోయినయి" అన్నాడు. ఆ మాట నాకు గుచ్చుకుంది. మన దగ్గర 2003లో ఆఫ్రో ఏషియన్ గేమ్స్ హైదరాబాద్‌లోనే జరిగాయి, ఫుట్‌బాల్‌లో మనవాళ్ళు ఫైనల్ దాకా వెళ్ళారు, నేనప్పుడు స్కూల్లో ఉన్నా, రెండు వారాలు గల్లీలో బ్యాట్లు పక్కన పెట్టి అందరం ఫుట్‌బాల్ ఆడాం, మూడో వారం మళ్ళీ క్రికెట్. 2017లో అండర్-17 వరల్డ్ కప్ ఇండియాలో పెడితే 13 లక్షల 47 వేల మంది చూశారు, ఆ టోర్నీల్లోనే రికార్డు అది, జనం లేరని ఎవరూ అనలేరు. తర్వాతి శనివారం వాళ్ళు ఎక్కడికి వెళ్ళాలి అన్నదే ఎవరూ చెప్పలేదు.

యోకొహామా గురించి ఎక్కువ లేదు, ఫైనల్ జరిగిన చోటు, జూన్ 30, బ్రెజిల్ 2 జర్మనీ 0, రొనాల్డో రెండూ. నది పొంగితే నీళ్ళు నిలిచే పల్లంలో స్తంభాల మీద కట్టిన స్టేడియం ఇది, 2019లో పెద్ద తుఫాను వచ్చిన మర్నాడే ఇక్కడ రగ్బీ వరల్డ్ కప్ మ్యాచ్ ఆడించారు. కానీ ఈ ఊళ్ళో నా మనసు లాగింది ఫ్లూగెల్స్ కథ. 1998లో స్పాన్సర్ చేతులెత్తేసి ఆ క్లబ్‌ని పక్క క్లబ్‌లో కలిపేశారు, ఆఖరి మ్యాచ్ 1999 జనవరి 1, ఎంపరర్స్ కప్ ఫైనల్, గెలిచారు, గెలిచి అదే రోజుతో లేకుండా పోయారు. ఫ్యాన్సే కలిసి యోకొహామా ఎఫ్‌సీ అని కొత్తది పెట్టుకున్నారు. లీగ్ అప్పటికి బాగా పడిపోయింది, 1994లో మ్యాచ్‌కి సగటు 19 వేలు దాటిన జనం 1997కి 10 వేల దగ్గరికొచ్చారు. మళ్ళీ 2004కి దాదాపు 19 వేలు. ఆ ఎక్కడంలో వరల్డ్ కప్ వాటా ఎంత అంటే, దానికి మర్నాడు వెళ్ళిన ఊరే జవాబు.

నాలుగో రోజు, నీగాతా

షింకన్‌సెన్‌లో, అంటే బుల్లెట్ ట్రైన్‌లో, రెండు గంటలు. టన్నెల్ దాటగానే వరి పొలాలు, కోతలైపోయి ఉన్నాయి, బాబాయ్ కిటికీ వదల్లేదు.

నీగాతా అంటే బియ్యం, మంచు, బియ్యంతో చేసే సాకె మద్యం. ఫుట్‌బాల్ ఊరు అస్సలు కాదు. ఇక్కడి క్లబ్ అల్బిరెక్స్‌కి 2000లో మ్యాచ్‌కి వచ్చే జనం సగటున 4 వేలు. 2001లో వరల్డ్ కప్ కోసం బిగ్ స్వాన్ అనే స్టేడియం కట్టారు, 42 వేల సీట్లు, చెరువు పక్కన తెల్లగా హంసలా ఉంటుంది. 4 వేల మంది వచ్చే క్లబ్‌కి 42 వేల సీట్లు! క్లబ్ పెద్ద ఒక షింటో గుడి పూజారి, ఇకెదా అని. ఆయన టీమ్ ఏం చేసిందంటే టికెట్లు ఊరికే ఇచ్చారు, కానీ రోడ్డు మీద నిలబడి పంచలేదు. ఇక్కడ కైరాన్‌బాన్ అని ఉంటుంది, వీధిలో ఇంటింటికీ చేతులు మారుతూ తిరిగే నోటీసు అట్ట, చెత్త ఏ రోజు వేయాలి, డ్రైనేజీ ఎప్పుడు శుభ్రం చేస్తారు అన్నీ దాంట్లోనే. ఆ అట్టలో ఫుట్‌బాల్ టికెట్ల కబురు పెట్టి, ఎవరెవరికి కావాలో కాలనీ సంఘాల ద్వారా పేర్లు రాయించుకుని ఇచ్చారు. పక్కింటి వాళ్ళు వెళ్తున్నారంటే మనమూ వెళ్తాం కదా, అదే జరిగింది, అమ్మమ్మలు వచ్చారు, పిల్లలొచ్చారు, వాళ్ళకి ఆఫ్‌సైడ్ తెలీదు, పర్లేదు. ముందు ఊరికే వచ్చినవాళ్ళు తర్వాత డబ్బులు పెట్టి రావడం మొదలుపెట్టారు. 2003లో ఇంకా సెకండ్ డివిజన్‌లో ఉండగానే సగటు 30 వేలు, 2005లో పై డివిజన్‌లో 40 వేలు!

జపాన్‌లో 2002 వరల్డ్ కప్ మొదటి మ్యాచ్ జరిగింది ఇక్కడే, జూన్ 1, ఐర్లాండ్, కామెరూన్ 1-1. కామెరూన్ గోల్ కొట్టింది ఎంబోమా, ఒకప్పుడు ఒసాకాలో లీగ్ ఆడినవాడే, అంటే ఇక్కడి జనానికి తెలిసినవాడే.

మా అదృష్టం, ఆ సాయంత్రం మ్యాచ్ ఉంది. స్టేషన్ నుంచి బస్సు, బస్సంతా ఆరెంజ్ జెర్సీలు. స్టేడియం సగం పైన నిండింది, ఆ రోజుల 40 వేలు లేరు, కానీ నా ముందు వరసలో ఒక ముసలి జంట, మధ్యలో మనవరాలు, ముగ్గురికీ ఒకే దుప్పటి. తాతకి మా బాబాయ్ వయసే ఉంటుంది. బాబాయ్‌కి జపనీస్ రాదు, ఆ తాతకి వేరే భాష రాదు, హాఫ్ టైమ్‌లో ఇద్దరూ చేతులతో డిఫెన్స్ లైన్ గీసుకుంటూ మాట్లాడుకున్నారు, మా లెఫ్ట్ బ్యాక్ ముందుకు పోయి వెనక్కి రావట్లేదని ఇద్దరికీ కోపం. మా అనేశాను చూడండి, అప్పటికే మావాళ్ళైపోయారు. ఓడిపోయారు ఆ రోజు. అయినా ఎవరూ లేవలేదు, ప్లేయర్లు వచ్చి స్టాండ్స్ ముందు వంగి దండం పెట్టేదాకా నిలబడే ఉన్నారు.

హోటల్‌కి వచ్చాక బాబాయ్, "ఈడ నేను అడగనే లేదురా" అన్నాడు. నిజమే, వచ్చే వారం ఎవరాడతారని ఆ ఊళ్ళో అడగలేదు.

ఐదో రోజు, సెందాయ్, రిఫు

పొద్దంతా ట్రైన్, ఒమియా వచ్చి మళ్ళీ పైకి సెందాయ్. అక్కడి నుంచి రిఫు అనే ఊరు, స్టేషన్ నుంచి మళ్ళీ టాక్సీ. గుట్ట మీద మియాగీ స్టేడియం, 49 వేల సీట్లు, వంపు తిరిగిన కప్పు చాలా అందంగా ఉంది, చుట్టూ చెట్లు, ఊరు కనపడదు. 2002 జూన్ 18, వాన, 12వ నిమిషంలో టర్కీ హెడర్, జపాన్ 0-1 ఓడి ఇంటికి. అంతకు ముందు ఇక్కడే స్వీడన్‌తో డ్రా చేసుకుని అర్జెంటీనా కూడా ఇంటికి పోయింది.

"వచ్చే వారం?" అన్నాడు బాబాయ్.

ఇక్కడ సొంతంగా ఆడే క్లబ్ లేదు. సెందాయ్ వాళ్ళ క్లబ్ వెగాల్తా, అది సెందాయ్‌లోనే 20 వేల లోపు పట్టే స్టేడియంలో ఆడుతుంది, జనం మెట్రోలో వచ్చి మెట్రోలో పోతారు, 2011 భూకంపం, సునామీ తర్వాత ఈ ప్రాంతమంతా ఏడుస్తున్న రోజుల్లో ఆ క్లబ్ నాలుగో ప్లేస్, మరుసటేడు రెండో ప్లేస్‌కి వచ్చింది. అంటే ఇక్కడ ఆటకి ప్రేమ లేక కాదు, గ్రౌండ్‌ని మనుషులకి దూరంగా కట్టారు. పోటీలూ పెద్ద కచేరీలూ జరుగుతుంటాయి, పాడుబడలేదు, చక్కగా ఉంది. అయినా ఆ ఖాళీ గేట్ల ముందు నిలబడితే నాకు దిగులేసింది. మన గచ్చిబౌలి స్టేడియం గుర్తొచ్చింది ఇద్దరికీ.

ఆరో రోజు

సెందాయ్ నుంచి ఫుకుఒకా ఫ్లైట్, ఎయిర్‌పోర్ట్ నుంచి బస్సులో హితా. నదీ, పాత వీధులూ ఉన్న ఊరు. బాబాయ్‌కి మోకాలు నొప్పి, తైలం రాసి పడుకోబెట్టా.

ఏడో రోజు, నకత్సుయె

కారు అద్దెకి తీసుకున్నా. హితా నుంచి గంట, అన్నీ కొండ మలుపులు, దేవదారు చెట్లు, కింద వాగు.

2002లో ఇది 1300 మంది ఉన్న ఊరు. ప్రాక్టీస్ క్యాంప్ మాకివ్వండని అప్లై చేసిన ఊళ్ళలో ఇంత చిన్నది లేదు, కామెరూన్ వస్తానంది. ఊరు ఊరంతా జెండాలు కట్టుకుని ఎదురుచూస్తుంటే టీమ్ రాలేదు. బోనస్ డబ్బుల గొడవతో వాళ్ళు పారిస్‌లో ఆగిపోయారు, ఈరోజు రేపు అంటూ ఐదు రోజులు లేటయ్యింది, టీవీ వాళ్ళందరూ ఈ ఊరి మీద పడ్డారు. చివరికి మే 24 తెల్లవారుజామున మూడు గంటలకి బస్సు వచ్చింది. ఆ టైమ్‌లో కూడా ఊరివాళ్ళు నిద్రమానుకుని నిలబడి ఉన్నారు. ఆ సంవత్సరం జపాన్‌లో అందరి నోటా తిరిగిన మాటగా నకత్సుయె పేరుకి అవార్డు కూడా వచ్చింది. కామెరూన్ గ్రూప్ స్టేజ్‌లోనే ఓడి వెళ్ళిపోయింది. మరుసటేడు ఆ టీమ్ ప్లేయర్ ఫోయె మ్యాచ్ ఆడుతూ కుప్పకూలి చనిపోతే ఈ కొండల్లో ఏడ్చారు. 2005లో ఊరిని హితాలో కలిపేశారు, నకత్సుయె అన్న పేరు మాత్రం పోనివ్వలేదు.

పాత బంగారు గని దగ్గర, 1972లో మూతపడిన గని అది, ఆగాం. ఆకుపచ్చ ఎరుపు పసుపు జెండా ఇంకా ఉంది, జెర్సీలు, ఫొటోలు ఉన్నాయి. ఇక్కడ పెద్ద స్టేడియం రాలేదు, లీగ్ క్లబ్ రాలేదు, ఊరి జనాభా ఇంకా తగ్గింది. నా లెక్క ప్రకారం ఏమీ మిగలకూడదు. కౌంటర్ దగ్గర పెద్దావిడ మేము ఎక్కడి నుంచి అని అడిగింది, ఇండియా అన్నాం, ఇండియాలో సాకర్ ఆడతారా అంది. బాబాయ్ నా వైపు చూసి, "ఆడుతరు అని జెప్పురా. మెల్‌బోర్న్ సంగతి గూడ జెప్పు" అన్నాడు. చెప్పాను. ఆవిడ శ్రద్ధగా విని కామెరూన్ వాళ్ళ గ్రౌండ్ ఇటు అని చెయ్యి చూపించింది, 23 ఏళ్ళ తర్వాత కూడా అది వాళ్ళ గ్రౌండే.

గ్రౌండ్‌లో గడ్డి కోసి ఉంది. ఒక మూల ముగ్గురు పిల్లలు బంతి తంతున్నారు, ఒకడు గోల్‌లో, ఇద్దరు బయట. బంతి ఇటు దొర్లితే బాబాయ్ ఎడం కాలితో ఆపి, కుడికాలి లోపలి వైపుతో సరిగ్గా పిల్లాడి కాలి దగ్గరికి పంపాడు. నొప్పి ఉన్న మోకాలే. పిల్లాడు టోపీ తీసి వంగాడు. తర్వాత నలభై నిమిషాలు నేను గట్టు మీద కూర్చుని చూస్తూనే ఉన్నా, ఆపడానికి మనసు రాలేదు.

ఎనిమిదో రోజు

ఫుకుఒకా ఎయిర్‌పోర్ట్‌లో టోక్యో ఫ్లైట్ కోసం కూర్చున్నాం. బాబాయ్ నా ఫోన్ తీసుకుని సికింద్రాబాద్‌లో ఉండే దోస్తుకి వాట్సాప్ కాల్ చేశాడు, అక్కడ ఇంకా తెల్లారుతోంది. సైతామా గురించి చెప్తాడనుకున్నా, జీకో విగ్రహం గురించి చెప్తాడనుకున్నా.

"ఔ గదా, నేనే. వినపడ్తుందా? మన కాలనీ ఎనక స్కూల్ గ్రౌండ్ ఉన్నది జూడు, ఆదివారం పొద్దుగాల దాన్ని ఎవలకిచ్చిండ్రు? క్రికెట్ పోరగాండ్లకా? ఎన్ని గంటలదాంక? ఆరింటి నుంచి ఏడింటి దాంక ఖాళీయేనా అడుగు. ఇయ్యాల్నే అడుగు. గల్లీల అందరిండ్లకు ఒక కాయితం దిప్పాలె, నేనొచ్చి రాస్త."